గూడేనికి నెట్, కంప్యూటర్లు: కరెంటు లెక్కతో మొదలుపెట్టండి

దాతలు దొరికి డబ్బు చేతికి రాగానే అందరూ ముందు కొనేది కంప్యూటర్లు. తర్వాత నెట్ సంగతి చూస్తారు. కరెంటు సంగతి గుర్తొచ్చేది ప్రారంభోత్సవం రోజున. ఈ వరుసను తిరగేస్తే సగం కష్టాలు రావు. ముందు కరెంటు, తర్వాత ఊళ్లోనే ఉండే సర్వర్ (పాఠాలు, పుస్తకాలు దాచి అందరికీ అందించే చిన్న కంప్యూటర్), ఆ తర్వాత నెట్, చివరికి కంప్యూటర్లు.

తమిళనాడులో తేని అరవింద్ కంటి ఆసుపత్రి నుంచి పల్లెల్లోని కంటి కేంద్రాలకు 2000ల మధ్యలో దూరపు వైఫై లింకులు వేశారు. డాక్టరు ఆసుపత్రిలో కూర్చుని వీడియోలో రోగిని చూసే ఏర్పాటు అది. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన ఇంజనీర్లకు రేడియోల కన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చింది నాసి కరెంటు. అడాప్టర్లు కాలిపోయేవి, మెమరీ కార్డులు పాడయ్యేవి. మన దగ్గర కూడా కథ అదే.

లెక్కలు గాల్లో చెప్పకుండా ఒక నమూనా తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో 60 ఇళ్ల గూడెం. ఒక గది బడి, సాయంత్రం అదే గది ఊరి కంప్యూటర్ గది. ఫైబర్ వచ్చిన పంచాయతీ ఆఫీసు 6 కిలోమీటర్ల అవతల. మధ్యలో లోయ, కాఫీ తోటలు. మీ ఊరు వేరే అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

కొనే ముందు రెండు వారాలు

బడిలో ఒక నోటు పుస్తకం పెట్టి రెండు వారాల పాటు కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది రాయించండి. ప్లగ్గులో పెట్టే చిన్న ఓల్టేజీ మీటరు దొరుకుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి 8 గంటలకు దాని అంకె కూడా రాయించండి. రాత్రి 8కి 170 ఓల్టులు చూపించే ఊళ్లో "కరెంటు ఉంది" అన్న మాటకు అర్థం లేదు. ఆ ఓల్టేజీకి ఇన్వర్టర్ బ్యాటరీ సరిగా ఛార్జ్ కాదు, చవక అడాప్టర్ వేడెక్కి పోతుంది.

ఫోన్‌లో సిగ్నల్ గీతల్ని నమ్మొద్దు. సిగ్నల్ అంకెలు చూపించే యాప్ ఒకటి వేసుకుని ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవరు సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (చుట్టూ ఉన్న గోల కన్నా సిగ్నల్ ఎంత పైన ఉందో) రెండూ చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 85 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 100 బలహీనం, మైనస్ 115 దాటితే ఆశ వదులుకోవాలి. ఎస్‌ఐఎన్‌ఆర్ 10 పైన ఉండాలి. సున్నా కిందికి పోతే ఎన్ని గీతలున్నా పేజీ తెరుచుకోదు. బడి గోడ నాలుగు వైపులా, కప్పు మీదా కొలవండి. పది అడుగులు జరిగితే అంకెలు మారిపోయే చోట్లు మన్యంలో చాలా ఉన్నాయి.

గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఈ రెండు వారాల్లోనే తేల్చుకోండి. టీచరు బదిలీ అయితే తాళంతో పాటు ప్రాజెక్టూ పోతుంది. ఊళ్లోనే ఉండే ఇద్దరికి, అందులో ఒక మహిళా సంఘం సభ్యురాలికి, బాధ్యత ఇవ్వడం మేలు.

కరెంటు లెక్క

ఊరి కరెంటును నమ్మలేం కాబట్టి గదిని సోలార్ మీద నడుపుదాం. ఏ పరికరం ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అన్నది గుణించుకుంటూ పోండి. వచ్చేవి వాట్-అవర్లు.

- సర్వర్, ఎస్‌ఎస్‌డీతో (ఫైళ్లు దాచే డ్రైవ్) కలిపి: 6 వాట్లు × 24 గంటలు = 144
- బయటి రేడియో (దూరం నుంచి నెట్ తెచ్చే డిష్): 7 × 24 = 168
- నెట్‌వర్క్ స్విచ్ (నెట్ వైర్లన్నీ కలిపే పెట్టె): 3 × 24 = 72
- వైఫై యాక్సెస్ పాయింట్ (గదిలో వైఫై పంచే పెట్టె): 8 × 12 = 96
- ల్యాప్‌టాప్‌లు ఆరు: 150 × 3 = 450
- ఎల్‌ఈడీ బల్బులు రెండు: 18 × 4 = 72

మొత్తం 1002 వాట్-అవర్లు. వెయ్యి అనుకుందాం. ఆరు పాత డెస్క్‌టాప్‌లు పెడితే మానిటర్లతో కలిపి ఒక్కొక్కటి 80 నుంచి 100 వాట్లు లాగుతుంది. అప్పుడు ఆ 450 కాస్తా 1440 నుంచి 1800 దాకా పోయి, మొత్తం సోలార్ ఖర్చు రెట్టింపవుతుంది. ఉచితంగా వచ్చిన డెస్క్‌టాప్ ఉచితం కాదని ఇక్కడే తేలిపోతుంది.

ప్యానెల్ నుంచి పరికరం దాకా వైర్లలో, బ్యాటరీలో, కన్వర్టర్లలో పావు వంతు పోతుంది. కాబట్టి ప్యానెళ్లు రోజుకు సుమారు 1330 ఇవ్వాలి. ఎండాకాలంలో మనకు రోజుకు ఐదు గంటల పైగా నిండు ఎండ లెక్క వస్తుంది. కానీ లెక్క కట్టాల్సింది జులై, ఆగస్టులకు. మూడు గంటలే వేసుకోండి. 1330ని 3తో భాగిస్తే 443 వాట్లు. 335 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే 670. ముసురు పట్టిన తర్వాత బ్యాటరీ మళ్లీ నిండడానికి ఆ మిగులు కావాలి.

బ్యాటరీకి 12 ఓల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 ఓల్టులు చేస్తే 3600 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు మనమే కోసినట్టు. కాబట్టి వాడుకోగలిగేది 1800. ఎండే లేని రోజు ల్యాప్‌టాప్‌లు, బల్బులు ఆపేస్తే మిగిలిన 480 వాట్-అవర్ల లోడు మూడు రోజుల పైనే నడుస్తుంది. ఈ "ముందు ఏవి ఆపాలి" జాబితా బ్యాటరీ పెట్టె మీదే రాసి అంటించండి. డబ్బుంటే 12.8 ఓల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు ఇదే పని చేస్తాయి, డిస్టిల్డ్ వాటర్ గోల ఉండదు. అయితే రెండూ వరుసలో కలపడానికి పనికొచ్చే రకమేనా అని అడిగి కొనండి. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే ఛార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ కూడా ఉండాలి.

కంట్రోలర్ 30 ఆంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ లాగే రకం). ఇక్కడ ఒక మెలిక ఉంది. 335 వాట్ల ప్యానెల్‌కు లోడు లేనప్పుడు సుమారు 46 ఓల్టులు వస్తాయి. రెండూ వరుసగా కలిపితే 92. చాలా కంట్రోలర్ల హద్దు 100 ఓల్టులు, సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ చలికి ప్యానెల్ ఓల్టేజీ పెరుగుతుంది. ఆ 46 అన్నది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. డిసెంబరులో లంబసింగి వైపు సున్నా దగ్గరికి పోయే తెల్లవారుజామున 92 కాస్తా 99 అవుతుంది. అంచు మీద నడక. అందుకని మన్యంలో ఈ రెండు ప్యానెళ్లను సమాంతరంగానే కలపండి. దక్షిణం వైపు, 18 డిగ్రీల వాలు. పనస కొమ్మ నీడ ఒక్క మూల పడినా ఆ ప్యానెల్ ఇచ్చేది బాగా పడిపోతుంది.

ఇన్వర్టర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచొద్దు. ఏ పనీ చేయకపోయినా చిన్న ఇన్వర్టర్ 15 వాట్ల దాకా తాగుతుంది. రోజుకు 360 వాట్-అవర్లు, అంటే సర్వర్, రేడియో కలిపి వాడే 312 కన్నా ఎక్కువ! 24 గంటలూ నడిచేవాటిని బ్యాటరీ నుంచి నేరుగా డీసీ మీద నడపండి. సర్వర్‌కు 24 నుంచి 5 ఓల్టుల కన్వర్టర్, రేడియోకు స్థిరంగా 24 ఓల్టులిచ్చే కన్వర్టర్. ఛార్జింగ్‌లో ఉన్న 24 ఓల్టుల బ్యాటరీ 28.8 దాకా ఎక్కుతుంది కాబట్టి రేడియోను బ్యాటరీకి తిన్నగా కలపకూడదు. ల్యాప్‌టాప్‌ల కోసం 600 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ ఒకటి, క్లాసు జరిగే మూడు గంటలే ఆన్.

బ్యాటరీ ప్లస్ కొన నుంచి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పొడవు మీటరున్నర దాటకుండా. డీసీ వైపు ఇళ్లలో వాడే ఏసీ ఎంసీబీ పెట్టే ఎలక్ట్రీషియన్లు చాలామంది. డీసీలో లేచిన నిప్పు రవ్వ దానంతట అది ఆరదు, స్విచ్ లోపలే కరిగిపోతుంది. డీసీ ఎంసీబీ అని అడిగి తీసుకోండి.

నెట్ లేకపోయినా నడిచేది

నెట్ వారం రోజులు రాకపోయినా గదికి పిల్లలు రావాలంటే సరుకు ఊళ్లోనే ఉండాలి. 4 జీబీ మెమరీ ఉన్న రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్, ఒక 1 టీబీ యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ చాలు. వికీపీడియాను ఆఫ్‌లైన్‌లో చూపించడానికి కివిక్స్, పాఠాలకు కొలిబ్రి అనే సాఫ్ట్‌వేర్లు. బొమ్మలతో సహా ఇంగ్లిష్ వికీపీడియా 100 జీబీ దాటుతుంది, తెలుగు వికీపీడియా అందులో చిన్న ముక్క. ఇవన్నీ పట్నంలో మంచి కనెక్షన్ మీద దించుకుని ఎస్‌ఎస్‌డీలో మోసుకెళ్లండి. గూడెంలో 4జీ మీద 100 జీబీ దించాలని కూర్చుంటే నెల డేటా అయిపోతుంది, ఫైల్ మాత్రం రాదు.

చాలా గూడేల్లో ఇంటి భాష తెలుగు కాదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు పెద్దల కథలు, పాటలు ఫోన్‌లో రికార్డు చేసి అదే సర్వర్‌లో పెడితే ఎక్కువగా తెరిచేది వాటినే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఈ చిన్న పెట్టెను మూడు పాడుచేస్తాయి. మొదటిది మెమరీ కార్డు. కరెంటు ఠక్కున పోయినప్పుడు రాస్తూ ఉన్న కార్డు చెడుతుంది. సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీ నుంచే బూట్ చేయించండి. కార్డే వాడాల్సి వస్తే రీడ్-ఓన్లీ ఓవర్‌లే (కార్డు మీద ఏదీ రాయకుండా ఆపే సెట్టింగ్) పెట్టండి. రెండోది గడియారం. రాస్‌ప్‌బెర్రీ పై 4లో సొంత గడియారం లేదు, నెట్ లేకుండా లేస్తే పాత తేదీతో లేస్తుంది. అప్పుడు భద్రమైన సైట్లేవీ తెరుచుకోవు, లాగ్‌లు గందరగోళం. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ దీనికి మందు. మూడోది చీమలు, బల్లులు. పెట్టె గాలి రంధ్రాలకు సన్నని జాలీ కొట్టించండి.

సర్వర్ అడ్రసు 192.168.1తో మొదలుకాకుండా చూసుకోండి. కంపెనీల రౌటర్లు చాలావరకు అదే వాడతాయి, రెండూ ఢీకొంటాయి. 192.168.50.1 లాంటిది పెట్టి గోడ మీద పెద్ద అక్షరాలతో పెయింట్ చేయించండి. ఇంకో చిక్కు: నెట్ లేని వైఫైకి కలిస్తే ఆండ్రాయిడ్ ఫోన్ "ఇంటర్నెట్ లేదు" అని దాన్ని వదిలేసి సిమ్ డేటాకు మారిపోతుంది. కనెక్ట్ అయ్యే ఉండమని ఫోన్‌లో నొక్కాలి. అందరికీ ఇది ఒకసారి చేసి చూపించకపోతే, సర్వర్ బాగానే ఉన్నా "పనిచేయట్లేదు" అంటారు.

నెట్ వచ్చే దారి

కేంద్రం వేసే భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ తీగను చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే లాగారు, తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ కందకాల్లో వేశారు. స్తంభాల మీది తీగ గాలివానకు చెట్టు పడితే తెగుతుంది, అతికేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. అందుకని ఫైబర్ ఉన్నా 4జీ సిమ్ ఒకటి వెనక ఉండాలి.

4జీ రౌటర్ కొనేటప్పుడు బ్యాండ్లు (అది పట్టగల ఫ్రీక్వెన్సీలు) చూడండి. మన్యంలో కొన్ని గూడేలకు అందేది బీఎస్ఎన్ఎల్ 4జీ. అది 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28, మీద కూడా నడుస్తుంది. కొండల్లో దూరం వెళ్లేది అదే. చవక రౌటర్లు కొన్నింటిలో బ్యాండ్ 28 ఉండదు, టవరు కళ్లెదుటే ఉన్నా ముఖం వేలాడేసుకుంటాయి.

పంచాయతీ నుంచి గూడేనికి 6 కిలోమీటర్లు 5 గిగాహెర్ట్జ్ రేడియోలతో దూకొచ్చు. 5150-5350, 5470-5875 మెగాహెర్ట్జ్ మధ్య బ్యాండ్లను 2018లో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చన్నారు. 5725 పైన యాంటెనా బలంతో కలిపి 36 డీబీఎం (పంపే బలానికి కొలత) దాటకూడదు. పరికరానికి ఈటీఏ (రేడియో పరికరాలకు కేంద్రం ఇచ్చే) ఆమోదం ఉందో లేదో కొనే ముందు చూడండి.

ఇప్పుడు లెక్క. 23 డీబీఐ (డిష్ సిగ్నల్‌ను ఒకవైపు ఎంత పెంచుతుందో చెప్పే కొలత) డిష్, 13 డీబీఎం పవర్, కలిపి 36. 5.8 గిగాహెర్ట్జ్‌లో 6 కిలోమీటర్లకు గాల్లో పోయేది 123 డీబీ. అవతలి డిష్ 23 కలుపుతుంది. అందాల్సిన సిగ్నల్ 36 − 123 + 23, అంటే మైనస్ 64. మంచి అంకె ఇది. పవర్‌ను హద్దు దాటించి పెంచాల్సిన పనే లేదు.

కష్టమంతా దారిలో ఉంది. అవతలి కొన కంటికి కనిపిస్తే చాలదు. రేడియో తరంగం నూలు కండెలా మధ్యలో ఉబ్బి ఉంటుంది. ఈ దూరానికి మధ్యలో ఆ ఉబ్బు వ్యాసార్ధం 8.8 మీటర్లు. కనీసం అందులో 60 శాతం, అంటే 5.3 మీటర్లు, ఖాళీగా ఉండాలి. భూమి వంపుకు ఇంకో అర మీటరు. కాబట్టి నడిమధ్యలో చెట్ల చిటారు కొమ్మ కన్నా రెండు డిష్‌లను కలిపే గీత 6 మీటర్లు పైన పోవాలి. గూగుల్ ఎర్త్‌లో ఎత్తుల గీత చూడొచ్చు కానీ అది నేల ఎత్తు చెప్తుంది, చెట్ల ఎత్తు కాదు. కాఫీ తోటల్లో నీడకు వేసే సిల్వర్ ఓక్ 20 మీటర్లు దాటుతుంది. దాని మీద మిరియం తీగ పాకి ఉంటుంది, ఆ చెట్టు కొట్టమని ఏ రైతునూ అడగలేం. పైగా అవి ఏటా ఎదుగుతాయి. ఈ ఏడు బాగా నడిచిన లింకు మూడో ఏడు వానాకాలంలో, తడి ఆకుల వెనక, ఆగిపోయేది ఇందుకే. దారి చూసేటప్పుడే నాలుగైదు మీటర్లు అదనంగా వదలండి. కుదరకపోతే లోయకు అడ్డంగా కాకుండా ఒక గట్టు మీద మధ్య మజిలీ పెట్టండి. అక్కడా ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, ఒక దొంగ భయం ఉంటాయని మర్చిపోవద్దు.

బడి కప్పు మీద 6 మీటర్ల జీఐ పైపు, 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు స్టే వైర్లు, పైపు మొదలు నుంచి కనీసం 3 మీటర్ల దూరంలో కొక్కేలు. స్టే వైరు ఒక్కటి వదులైనా డిష్ ఊగి, గాలి వీచినప్పుడల్లా లింకు పోతుంది.

డిష్ తిప్పేటప్పుడు రెండు కొనల్లో ఇద్దరు ఉండి, ఒక సమయంలో ఒకరే తిప్పాలి. ముందు అడ్డంగా బాగా విశాలంగా తిప్పి శిఖరం పట్టుకోండి, తర్వాత నిలువుగా. మైనస్ 64 రావాల్సింది మైనస్ 82 దగ్గర ఆగిపోతే డిష్ అసలు కిరణం మీద కాకుండా పక్కకు పోయే బలహీన కిరణం (సైడ్ లోబ్) మీద కూర్చున్నట్టు. అక్కడే సన్నగా సవరిస్తూ గంటలు గడపకుండా మళ్లీ విశాలంగా తిప్పండి. లెక్కకు మూడు నాలుగు డీబీ అటూ ఇటూ వస్తే బిగించేయండి. రేడియో సెట్టింగ్‌లో దూరం 6 కిలోమీటర్లని రాయకపోతే సిగ్నల్ బాగున్నా స్పీడు రాదు. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. పూర్తి రాగి, బయట వాడే నల్ల తొడుగు క్యాట్ 6 కొనండి. అల్యూమినియానికి రాగి పూత వేసిన వైరు చవక, కానీ రేడియో దాకా ఓల్టేజీ చేరదు, మలుపు దగ్గర విరుగుతుంది. కోతులున్న ఊరైతే వైరు మొత్తం జీఐ పైపులోంచే పోవాలి.

పిడుగు

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు, మళ్లీ అక్టోబరు. స్తంభం కొసన డిష్ కన్నా మీటరు పైకి ఇనుప ఊచ, అక్కడి నుంచి తిన్నగా కిందికి రాగి పట్టీ, బొగ్గు, ఉప్పు వేసిన రెండున్నర మీటర్ల ఎర్తింగ్ గుంత. కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. నెట్ వైరు గదిలోకి వచ్చే చోట ఈథర్నెట్ సర్జ్ అరెస్టర్ (పిడుగు కరెంటును ఎర్తుకు మళ్లించేది), దాని ఎర్తు కూడా ఇదే గుంతకు. సోలార్‌కు ఒక గుంత, స్తంభానికి ఒక గుంత తవ్వి రెండూ కలపకుండా వదిలేస్తే, పిడుగు పడినప్పుడు ఆ రెంటి మధ్య తేడా మీ సర్వర్ గుండా పోతుంది. గుంతలు ఎన్నయినా ఉండొచ్చు, భూమిలో అన్నిటినీ రాగితో కలపాలి. వేసవిలో గుంతలో నీళ్లు పోయడం కూడా ఎవరో ఒకరి పనిగా ఉండాలి.

పంచడం

20 ఎంబీపీఎస్ లైను మీద ఒక్క ఫోన్ అప్‌డేట్ మొదలుపెడితే మిగతా అందరికీ నెట్ ఆగిపోయినట్టే. ఎక్కువ స్పీడు కొనడం కన్నా ముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే రౌటర్‌లో, లైనును అందరికీ సమంగా పంచే ఎస్‌క్యూఎం పెట్టి, అందులో కేక్ అనే పద్ధతి ఎంచుకోండి. రద్దీ ఉండే సాయంత్రం కొలిచిన వేగంలో 85 శాతం, అంటే 20 వస్తే 17, రాయండి. తేడా అదే రోజు తెలుస్తుంది. పేజీలు దాచిపెట్టే స్క్విడ్ లాంటివి పెట్టమని పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. సైట్లన్నీ గుప్తలిపిలో (హెచ్‌టీటీపీఎస్) వచ్చే ఈ రోజుల్లో వాటితో ఒరిగేదేమీ లేదు.

ఇంటి కనెక్షన్ తీసుకుని ఊరికి డబ్బులకు అమ్మడం కుదరదు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి (చిన్న కొట్లు కూడా వైఫై అమ్ముకునే పథకం) దారి ఉంది. అందులో గ్రామ సంఘమో, కిరాణా కొట్టో పీడీవోగా (వైఫై చోటు నడిపేవాళ్లుగా) ఉండొచ్చు, లైసెన్సు రుసుము లేదు. వినియోగదారుల లాగిన్, లెక్కలు అన్నీ రిజిస్టరయిన పీడీవోఏ (పీడీవోలను కలిపి నడిపే సంస్థ) చూసుకుంటుంది.

కంప్యూటర్లు

ఇప్పుడు కొనండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కంపెనీలు వదిలించుకున్న బిజినెస్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. ఇంటెల్ 6, 7వ తరంవి చవకగా వస్తున్నాయి, ఎందుకంటే విండోస్ 11కు అధికారికంగా 8వ తరం నుంచే అర్హత, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మనకు అదే లాభం. 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, లినక్స్ వేస్తే చక్కగా నడుస్తాయి. ఆరూ ఒకే మోడల్ ఉండాలి, అడాప్టర్లు, కీబోర్డులు మార్చుకోవచ్చు. తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, బ్యాటరీ కనీసం గంటన్నర వస్తుందో లేదో కొట్లోనే చూడండి.

డబ్బులో మూడో వంతు పక్కన

మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు మొదటి రోజే విడిగా బ్యాంకులో వేయండి. నాలుగైదేళ్లకు ట్యూబులర్ బ్యాటరీలు మార్చాల్సిందే, అప్పుడు దాత ఉండడు. గదిలో ఒక ట్రంకు పెట్టె: అదనపు రేడియో ఒకటి, సెట్టింగులన్నీ ముందే వేసి, 5 ఓల్టుల, 24 ఓల్టుల కన్వర్టర్లు ఒక్కొక్కటి, సర్వర్ నకలు ఉన్న రెండో ఎస్‌ఎస్‌డీ, ఫ్యూజులు పది, సర్జ్ అరెస్టర్లు రెండు, క్రింపింగ్ పట్టకారు, కనెక్టర్లు యాభై, మల్టీమీటరు, డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్లు. పాస్‌వర్డులు, ఐపీ అడ్రసులు, డిష్ బిగించిన రోజు వచ్చిన సిగ్నల్ అంకె ఒక కాగితం మీద రాసి అందులోనే ఉంచండి.

నెలకోసారి బ్యాటరీ నీళ్లు, ప్యానెల్ కడగడం, సిగ్నల్ అంకె చూసి పుస్తకంలో రాయడం. మేలో స్టే వైర్లు బిగించి, దారిలో ఎదిగిన చెట్లు చూసి రావడం. సిగ్నల్ ఆ కాగితం మీది అంకె కన్నా 6 డీబీ తగ్గిందంటే వానలు మొదలవకముందే స్తంభం ఎక్కాలి.